రెండో వయొలిన్ల వరుసలో అత్తగారు

ఆ ఉదయం కుల్పాష్ తన టీ తనే పోసుకుంది.

పెళ్ళయి వచ్చిన రోజు నుంచీ ఆ ఇంట్లో టీ పోసేది కోడలు టోగ్జాన్. ముందురోజు ఏ స్టేడియంలో ఎంతమంది ముందు పియానో వాయించి పాడి వచ్చినా సరే, పొద్దున్నే బల్ల చివర కెటిల్ పక్కన కూర్చుని, మొదటి గిన్నె మామగారికీ రెండోది అత్తగారికీ అందించాల్సిందే. అల్మాటీ నగరంలో ఎంత కొత్తకాలం ఇంట్లోనైనా, అత్తగారు లేచి కెటిల్ మీద చెయ్యి వేసిందంటే కోడలి మీద కోపమని ఇంక మాటల్లో చెప్పాల్సిందేమీ ఉండదు.

"అమ్మా, తను ఇస్తుంది కదా" అన్నాడు దౌరెన్.

"నాకూ చేతులున్నాయి" అంది కుల్పాష్.

టోగ్జాన్ చేతిలో ఖాళీ గిన్నె అలాగే ఉండిపోయింది. ఆమె దాన్ని మెల్లగా బల్లమీద పెట్టింది.

మామగారు సెయిల్‌ఖాన్ ముగ్గురి వంకా మార్చి మార్చి చూశాడు. పదేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయినప్పటి నుంచీ ఆయన మాట నెమ్మది. ముందు చాలాసేపు మాటే లేదు. తర్వాత ఒక్కొక్కటిగా తిరిగొచ్చింది.

"ఇవాళ టీ... పల్చగా ఉంది" అన్నాడు.

"మీది కోడలు పోసింది. నాది చిక్కగానే ఉంది" అంది కుల్పాష్.

దౌరెన్‌కి నవ్వు రాబోయి ఆగింది. అతను రొట్టె మీద వెన్న రాస్తూ, రాసిందే మళ్ళీ రాస్తూ కూర్చున్నాడు.

ఇదంతా ఒక పాట వల్ల వచ్చింది.

కుల్పాష్ ముప్పై ఏళ్ళు నగర సింఫనీ ఆర్కెస్ట్రాలో రెండో వయొలిన్ల వరుసలో వాయించి రిటైరయిన మనిషి. ఆ వరుసలో ఒకమ్మాయి కాన్పుకి వెళ్ళిందని, ఈ ఒక్క కచేరీకి వచ్చి కూర్చోమని ఆవిణ్ణి పిలిచారు. ఎవరితో కచేరీ అని అడిగితే, మీ కోడలితోనే అన్నారు. ఆవిడ పడీ పడీ నవ్వింది. "ఇంట్లో తను నా మాట వింటుంది. అక్కడ నేను తన మాట వింటాను. సరిపోతుంది" అంది. ఆ సాయంత్రమే పాత నల్ల గౌను తీసి ఇస్త్రీ చేసుకుంది.

రిహార్సళ్ళు హాయిగా సాగాయి. గొంతు దాచుకోవాలని టోగ్జాన్ పాడకుండా పియానో ఒక్కటే వాయించేది. వాయించేవాళ్ళ కాగితాల మీద స్వరాలే ఉంటాయి తప్ప పాటలో మాటలుండవు. నిన్న మొదటిసారి ఆమె గొంతెత్తి పాడింది. చివర్న 'బూట్లు' పాడింది.

టాక్సీల్లో, పెళ్ళిళ్ళలో, బడిపిల్లల నోళ్ళలో ఏళ్ళ తరబడి నానుతున్న పాట అది. కుల్పాష్ మాత్రం ఎప్పుడూ చెవి పెట్టి వినలేదు. డ్రమ్ములున్న సంగీతమంటే ఆవిడకు పైఅంతస్తులో ఇల్లు రిపేరు చేస్తున్న చప్పుడే. నిన్న డ్రమ్ముల్లేవు. నలభై తీగెల మధ్య నుంచి ప్రతి మాటా శుభ్రంగా వినపడింది.

*నీళ్ళెందుకంతసేపు పోతున్నాయని తలుపవతల గొంతు,*
*ఈ ఇంట్లో పియానోకి మూత, మూత మీద పూలకుండీ,*
*ఆ పూలకి నీళ్ళు పోసే పని నాది.*

రెండో చరణం సగంలో కుల్పాష్ కమాను ఒళ్ళోకి దిగిపోయింది. ఎవరూ ఆవిడ వైపు తల తిప్పలేదు. ఆర్కెస్ట్రా మొత్తం ఎవరి కాగితంలోకి వాళ్ళు అంత శ్రద్ధగా చూడటంతోనే, తలుపవతల గొంతు తనదేనని, అది అందరికీ తెలుసని ఆవిడకి అర్థమైపోయింది. పాట అవగానే వయొలిన్ పెట్టె మూసుకుని, ఎవరికీ చెప్పకుండా ట్రాలీబస్సెక్కి ఇంటికొచ్చేసింది.

అప్పటి నుంచీ ఆ విషయం మీద ఒక్క మాట లేదు.

ఇప్పుడు కుల్పాష్ గిన్నె కడిగి బోర్లించి, కోటు తొడుక్కుంది. వయొలిన్ పెట్టె భుజానికి తగిలించుకుంది.

"అపా, నేనూ అక్కడికేగా వెళ్ళేది. కార్లో కలిసి వెళ్దాం" అంది టోగ్జాన్. అత్తగారిని ఆమె పిలిచేది అలాగే.

"ట్రాలీబస్సుంది."

తలుపు మెల్లగా పడింది. గట్టిగా వేసి ఉంటే బాగుండేదనిపించింది టోగ్జాన్‌కి.

గిన్నెలు కడిగేచోట దౌరెన్ ఆమె పక్కకొచ్చి తువ్వాలు అందుకున్నాడు. అతను పళ్ళ డాక్టరు. కొట్లాటలంటే ఆమడ దూరం.

"నాకు తెలిసిన వైద్యం ఒక్కటే. నోరు తెరవమంటాను, ఎక్కడ నొప్పో చూస్తాను. మీ ఇద్దరూ నోరు తెరవరు" అన్నాడు.

"నన్నేం చెయ్యమంటావు?"

"ఆ పాట తీసెయ్. ఒక్క పాట. ఇంకా బోలెడున్నాయి."

"జనం దానికోసమే వస్తున్నారు."

"జనం పాట విని ఇళ్ళకి పోతారు. మనం వచ్చేది ఈ ఇంటికే."

టోగ్జాన్ కుళాయి కట్టేసింది. "అది నేను కోడలిగా వచ్చిన మొదటి చలికాలం రాసింది. ఇప్పుడు నాకా కోపం లేదు. ఎక్కడ పోయిందో కూడా తెలీదు. కోపం ఉన్నప్పుడు రాశాను, అంతే. పాడుతున్నప్పుడు నాకు ఇల్లు గుర్తుకే రాదు. జనం నోళ్ళు కదలడం కనిపిస్తుంది."

"నీకది పదేళ్ళ కిందటిది. అమ్మకది నిన్నటిది" అన్నాడు దౌరెన్.

ఆమె తడి చేతులు అతని తువ్వాలుకే తుడుచుకుంది.

*

హాలుకి వెళ్ళేసరికి అందరూ కూర్చుని ఉన్నారు. టోగ్జాన్ కళ్ళు ముందు రెండో వయొలిన్ల వైపే పోయాయి. మూడో కుర్చీలో కుల్పాష్ ఉంది. వెన్ను నిటారుగా పెట్టి, కళ్ళజోడు ముక్కు మీదకి దించుకుని ఉంది. ఆవిడ పక్కన, ముప్పై ఏళ్ళు అదే స్టాండు పంచుకున్న స్వేతా కిమ్ కూర్చుంది. ఇద్దరి మధ్యా మామూలుగా ఉండే గుసగుసలు ఇవాళ లేవు.

టోగ్జాన్ పియానో దగ్గర కూర్చోకుండా, ఆర్కెస్ట్రాని నడిపే రెనాత్ దగ్గరకెళ్ళింది.

"రెనాత్ ఇల్దారొవిచ్, చివరి పాట తీసేద్దాం" అంది, ఆయన పేరుకి తండ్రి పేరు కలిపి మర్యాదగా.

ఆయన చేతిలో పుల్ల దించేశాడు. జుట్టు నెరిసినా అల్లరి పోని మనిషి.

"తీసేసి?"

"దాని ముందుదానితో ముగిద్దాం."

"అమ్మా, ఆ పాటకి ఈ ఆర్కెస్ట్రా భాగాలన్నీ రాయించడానికి నేను శీతాకాలమంతా ఒకాయన కాళ్ళు పట్టుకున్నాను. కారణం చెప్పు."

కారణం మూడో కుర్చీలో ఉంది. దాన్నెలా చెప్పాలో టోగ్జాన్‌కి తెలియలేదు. అత్తగారి పేరు కోడలు నోటితో పలకడం వాళ్ళలో లేదు. ఆవిడ గురించి అందరి ముందూ మాట్లాడటమంటే ఇంకా కష్టం.

"రెండో వయొలిన్లలో... ఆవిడకి..." అని ఆగిపోయింది.

వెనక నుంచి ఒక కమాను పైకి లేచింది.

"నేనొక మాట చెప్పొచ్చా" అంది కుల్పాష్. వాయించేవాళ్ళు అడిగే గొంతుతో అడిగింది.

"చెప్పండి కుల్పాష్ అహ్మెతొవ్నా" అన్నాడు రెనాత్.

"సోలోయిస్టు గారు పాట ఎందుకు తీసేయాలంటున్నారో నాకు తెలియదు. మేం ఇన్నాళ్ళు సాధన చేశాం. రెండో చరణంలో వారు తొందరపడుతున్నారు. మేం వెనకబడుతున్నాం. వారు కాస్త నిలబడి పాడితే పాటలో తప్పేమీ లేదు."

సెల్లోల వైపు ఎవరో దొంగదగ్గు దగ్గారు. రెనాత్ పుల్లతో ముక్కు గోక్కున్నాడు.

"సోలోయిస్టు గారూ, ఏమంటారు?"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో అత్తగారు తనను 'వారు' అనడం టోగ్జాన్ వినడం ఇదే మొదటిసారి. తిట్టినా ఇంత గుచ్చుకునేది కాదు.

"నిలబడి పాడతాను" అంది.

పాడింది. రెండో చరణం వచ్చేసరికి వేళ్ళు తమంతట తాము పరుగెత్తబోయాయి. పట్టి ఆపింది. మాటకీ మాటకీ మధ్య చోటు దొరికింది. ఆ చోటులోకి రెండో వయొలిన్లు వచ్చి చేరాయి.

అత్తగారు చెప్పింది నిజమే. ఏళ్ళ తరబడి ఆ చరణాన్ని తను పారిపోతున్నట్టు పాడుతూ వచ్చింది.

*

విరామంలో కింది క్యాంటీన్‌లో కుల్పాష్ ఒక్కతే కూర్చుని మాంసం కూరి కాల్చిన సమ్సా తింటోంది. టోగ్జాన్ ట్రేతో వచ్చి ఎదురుగా నిలబడింది. కూర్చోమంటుందేమోనని చూసింది. అనలేదు. తనే కూర్చుంది.

కొంతసేపు ఇద్దరూ తిన్నారు.

"అది నా గురించేనా?" అంది కుల్పాష్.

"అవును అపా."

"ఎక్కడ కూర్చుని రాశావు? నేను ఇంట్లోనే ఉన్నానుగా అప్పుడు."

"స్నానాల గదిలో. మీకు వినపడకుండా నీళ్ళు వదిలి పాడుకునేదాన్ని."

"నీళ్ళెందుకంతసేపు పోతున్నాయని నేనడిగాను."

"అడిగారు. అదే ఆ చరణానికి మొదటి పాదమయింది."

కుల్పాష్ మూతి ఒక పక్కకి వంగింది. నవ్వో కాదో తెలియలేదు. ఆవిడ కాగితంతో వేళ్ళ నూనె తుడుచుకుంది.

"పియానో నేనెందుకు మూశానో నీకు తెలుసా?"

"తర్వాత తెలిసింది."

"ఆయన మంచాన పడ్డాడు. నోట మాట లేదు. నువ్వు పియానో ముట్టుకుంటే చాలు, ఎడమ చెయ్యి ఎత్తి ఊపేవాడు, కళ్ళ నీళ్ళు కారేవి. చప్పుడు తలలోకి దిగుతోందేమో అనుకున్నాను. నేను మాత్రం ఏం చెయ్యను? మూశాను. ఎవరూ తెరవకుండా పూలకుండీ పెట్టాను. ఆ ముక్క పాటలో ఎందుకు పెట్టలేదు?"

"పాట మూడు నిమిషాలే అపా."

"నా ముక్కకి నాలుగో నిమిషం దొరకలేదా?"

టోగ్జాన్ తల వంచుకుంది. "అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. ఆయన జబ్బు కనిపించింది. నా పియానో అంతకంటే పెద్దగా కనిపించింది."

కుల్పాష్ సమ్సా అంచు తుంచి పక్కన పెట్టింది. ఈసారి గొంతులో పదును తగ్గింది, బరువు పెరిగింది.

"నువ్వు రాశావని కాదు. కోడలన్నాక అత్తని తిట్టుకుంటుంది. నేను మా అత్తగారి మీద పాట కట్టలేదు గానీ కట్టగలిగితే ఒక ఒపేరా అయ్యేది. కానీ అందరికీ తెలుసు. నాకు తప్ప. స్వేతాకి తెలుసు. నా మోచెయ్యి తన మోచేతికి తగులుతూ కూర్చుని, నాకు చెప్పలేదు."

సరిగ్గా అప్పుడే స్వేతా కిమ్ టీ గ్లాసుతో వచ్చి, పిలవకుండానే పక్క కుర్చీ లాక్కుంది.

"చెప్తే ఏం చేసేదానివి?" అంది.

"ఏదో ఒకటి చేసేదాన్ని."

"కోడల్ని సాధించేదానివి. ఆ పిల్ల ఇల్లు వదిలి పోయేది. దౌరెన్ మధ్యలో ఏడ్చేవాడు. ఇప్పుడు చూడు, ఏం పోయిందని? పదేళ్ళు హాయిగా గడిచాయి."

"నన్నడిగి ఉండాల్సింది."

"నువ్వు నన్నడిగి ఉండాల్సింది. మా మనవరాలు నీ ఎదురుగానే ఆ పాట పాడింది. పిల్ల గొంతు బాగుంది అన్నావు."

కుల్పాష్ ప్లేటులో మిగిలిన సమ్సా స్వేతా వైపు నెట్టింది. స్వేతా తీసుకుని తినేసింది. వాళ్ళిద్దరి మధ్యా అంతటితో సరిపోయింది.

"అపా, మాటలు మార్చనా? రెండో చరణం వేరేగా రాయగలను. రేపటిలోగా" అంది టోగ్జాన్.

"వద్దు."

"ఎందుకు?"

"మారిస్తే అందరికీ తెలిసిపోతుంది. ఇప్పుడు అనుమానమే. అప్పుడు రుజువవుతుంది." కుల్పాష్ కోటు గుండీలు పెట్టుకుంది. "పైగా ముప్పై ఏళ్ళు ఎవరెవరి బాధలో వాయించాను. ఎప్పుడో పోయినవాళ్ళవి, నేనెన్నడూ చూడని ఊళ్ళవాళ్ళవి. నా ఇంట్లో మనిషిది ఒక్కసారి వాయిస్తాను. ఏమైనా కొత్తగా ఉంటుందేమో చూద్దాం."

లేచి నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"సాయంత్రం కార్లో వస్తాను. మోకాలు నొప్పిగా ఉంది."

టోగ్జాన్ తల ఊపింది.

*

మర్నాడు సాయంత్రం హాల్లో ఒక్క కుర్చీ ఖాళీ లేదు. కొండల మీద నుంచి మంచు దిగుతోందని అందరూ కోట్లేసుకొచ్చి, అవి ఇచ్చి చీట్లు తీసుకునే చోట పెద్ద వరుస కట్టారు. దౌరెన్ తండ్రిని తీసుకొచ్చాడు. ఇన్నేళ్ళూ సంగీతం ఆయనకి పడదని ఇంట్లో రేడియో కూడా తగ్గించి పెట్టేవాళ్ళు. ఇవాళ ఆయనే వస్తానని పట్టుబట్టాడు. 'ఇద్దరూ ఉన్నారు, ఎలా మానతాను' అన్నాడు. దౌరెన్ చివరి కుర్చీలు తీసుకున్నాడు, ఇబ్బందైతే బయటికి తీసుకెళ్ళడానికి వీలుగా.

టోగ్జాన్‌కి వెనక ఒక డ్రమ్మరూ ఒక గిటారూ ఉండటం అలవాటు. వాళ్ళు ఆమెను నెట్టుకుంటూ తీసుకెళ్ళేవాళ్ళు. ఆర్కెస్ట్రా అలా నెట్టలేదు. ఊపిరి తీసుకుని ఎదురుచూసింది. ఆమె వేళ్ళు మీటల మీద పడగానే అన్నివైపుల నుంచీ లేచి చుట్టుకుంది. మొదటి రెండు పాటలయ్యేసరికి భుజాలు దిగాయి. మూడోదానికి నవ్వొచ్చేసింది. రెనాత్ కూడా నవ్వుతూ, పుల్లతో కంటే కనుబొమలతోనే ఎక్కువగా అందర్నీ నడిపించాడు.

చివర్న 'బూట్లు' మొదలెట్టగానే హాలు గుర్తుపట్టి హోరెత్తింది. మొదటి చరణం. పల్లవి. హాలంతా గొంతు కలిపింది.

*నా బూట్లు గుమ్మం వైపు తిరిగి ఉన్నాయి,*
*నేనింకా లోపలే ఉన్నాను.*

రెండో చరణానికి ముందు టోగ్జాన్ ఆగింది. కాగితం మీద ఉన్నదానికంటే ఇంకాస్త ఎక్కువే ఆగింది. రెనాత్ చెయ్యి గాల్లో నిలిపి ఆమె కోసం చూశాడు. తర్వాత నెమ్మదిగా, ఎవరికో ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టు పాడింది. పియానో మూత దగ్గరికొచ్చేసరికి రెండో వయొలిన్లు కిందనుంచి ఆ మాటను ఎత్తి పట్టుకున్నాయి. ఆమె తల తిప్పలేదు. తిప్పకపోయినా వాటిలో ఒకటి ఎవరిదో తెలిసింది. పాత కలప గొంతు. పక్కవాటికంటే వెంట్రుకవాసి ముందు, ఎక్కడా తొణక్కుండా.

ఆ పాటను ఆమె అంతకుముందు ఎప్పుడూ అంత సంతోషంగా పాడలేదు. కోపంతో రాసిన పాటలో సంతోషం ఎక్కడి నుంచి వచ్చిందో తనను తాను అడగనూ లేదు.

జనం లేచి నిలబడ్డారు. రెనాత్ ఆర్కెస్ట్రాని లేపాడు. కుల్పాష్ అందరితోపాటే లేచి, అందరితోపాటే తల వంచి, కమానుతో స్టాండుని తట్టింది. వాయించేవాళ్ళు సోలోయిస్టుని మెచ్చుకునేది అలాగే.

*

దౌరెన్ కారు తేవడానికి వెళ్ళాడు. కోట్లు ఇచ్చేచోట బెంచీ మీద సెయిల్‌ఖాన్ ఒక్కడే, టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. టోగ్జాన్ చేతినిండా పూలతో వచ్చింది. ఆయన మొహం చూసి గాభరాపడింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"అతా, ఇబ్బందయిందా? చప్పుడు ఎక్కువయిందా?"

"కూర్చో" అన్నాడు.

కూర్చుంది. ఆయన మాట కోసం ఎదురుచూడటం ఆమెకు అలవాటే.

"దౌరెన్ చెప్పాడు. రెండో చరణం... మన పియానో అట. నా కోసం మూశారట."

"పాత సంగతి అతా. మీకప్పుడు చప్పుడు పడేది కాదు."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"పడేది. అదొక్కటే పడేది."

టోగ్జాన్ పూలు ఒళ్ళోకి దింపింది.

"నేను చెయ్యి ఊపింది... ఆపమని కాదు. నువ్వు మధ్యలో ఆగిపోయేదానివి. ఆగొద్దని ఊపేవాణ్ణి. నోట మాట లేదుగా." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "మూత వేసేశాక ఇంకా గట్టిగా ఊపాను. ఆవిడ కిటికీలు కూడా మూసేసింది."

చెబుతూ ఆయన నవ్వాడు. కళ్ళలోంచి నీళ్ళు జారాయి.

"మరి మాటొచ్చాక చెప్పలేదేం అతా?"

"అప్పటికి పియానో ఇంట్లో లేదు. వేరే గది అద్దెకి తీసుకుని పట్టుకెళ్ళావు. నీ ఇష్టమనుకున్నాను. నా వల్లనని... ఇవాళే తెలిసింది."

మెట్ల మీద నుంచి నవ్వులు వినపడ్డాయి. కుల్పాష్ దిగి వస్తోంది. నల్ల గౌను మీద కోటు, ఒక గుండీ తప్పి ఇంకో గుండీకి పెట్టుకుంది. ఎవరో ఇచ్చిన ఒకే ఒక తెల్లపువ్వు చేతిలో ఉంది. వెనకే స్వేతా ఏదో గట్టిగా అంటోంది. కుల్పాష్ అంతకంటే గట్టిగా జవాబు చెబుతోంది. ఇన్నేళ్ళలో టోగ్జాన్ ఆ మొహంలో అంత వెలుగు చూడలేదు.

"ఆకలి దంచేస్తోంది" అంది దగ్గరికొస్తూ. "రెనాత్ వచ్చే సీజనంతా కూర్చోమంటున్నాడు. ఇంటికెళ్ళి చెప్తాను, ముందు తిండి. ఏమిటి మామా కోడళ్ళిద్దరూ అలా ఉన్నారు? బాగా వాయించలేదా నేను?"

"బాగా వాయించావు" అన్నాడు సెయిల్‌ఖాన్.

ఇంకేదో చెప్పాలనుకున్నాడు. మాట దొరకలేదు. ఎడమ చెయ్యి పైకి లేచి, గాల్లో ఊగింది.

కుల్పాష్ ఆ చేతిని చూసి చప్పున గొంతు తగ్గించింది. వెనక్కి తిరిగి స్వేతా భుజం నొక్కింది.

"మెల్లగా మాట్లాడవే. ఆయనకి చప్పుడు పడదు."

సెయిల్‌ఖాన్ చెయ్యి దించలేదు. కోడలి వైపు చూశాడు.

టోగ్జాన్ పూలు బెంచీ మీద పెట్టి లేచింది.

"అపా" అంది.